ఎనిమిదో నంబరు కుర్చీ

మార్చి 9, ఆదివారం

చిరంజీవి ఎనిమిదికి,

ఏడో నంబరు అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమం. నువ్వూ, మీ అమ్మాయీ, అల్లుడూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇదివరకు నీకు రాసినప్పుడల్లా చిరంజీవి పక్కన సౌభాగ్యవతి అని కూడా రాసేదాన్ని. ఇవాళా అలవాటు చొప్పున కలం ఆ మాటమీదికే పోయింది. సగం రాసి ఆపేశాను. ఆ కాగితం చింపేసి ఇంకోటి తీసుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. నాకే మొన్నటిదాకా తెలియదు. ఒట్టు, ఎనిమిదీ, తెలియదు. నమ్మినా నమ్మకపోయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు. కోపమొస్తే సగంలో మడిచి అవతల పడేసే బుద్ధి నీకుంది కాబట్టి ముందే బతిమాలుకుంటున్నాను.

ముందు కబుర్లు చెబుతాను. అసలు సంగతికి నేనే వస్తాను, తొందరపెట్టకు.

మన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో హోటల్ పెట్టారే! మనం లైన్లు కలిపిన బోర్డులు తీసేసి తాళం వేశాక ఆ రాతి బిల్డింగ్ పావురాల పాలైందని నీకు తెలుసుగా. కూల్చేస్తారని ఒకళ్ళు, పాత కట్టడం కాబట్టి కూల్చకూడదని ఒకళ్ళు కొట్టుకుంటూండగానే ఏళ్ళు గడిచిపోయాయి. చివరికి ఒక పొడుగాటి అమ్మాయి వచ్చి అద్దెకు తీసుకుంది. తలకు గుడ్డ చుట్టుకుని తనే పొయ్యి దగ్గర నిలబడి వండుతుంది. రెండేళ్ళు మరమ్మతులు చేయించిందట. మంచినీళ్ళ గ్లాసు కూడా బోర్డు దగ్గరికి తేనివ్వని హాల్లో ఇప్పుడు సూపులు, చేపలు, కేకులు వడ్డిస్తున్నారు. మన సూపర్‌వైజరమ్మ బతికుంటే ఒక్కొక్క ప్లేటూ లాక్కుని బయట పెట్టేది.

పోయిన ఆదివారం ఆ అమ్మాయి పాత ఎక్స్‌ఛేంజి వాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం పెట్టింది. నీకూ పిలుపు వచ్చిందని తర్వాత తెలిసింది. నువ్వు రాలేదు. కాబట్టి నేను చూసినవన్నీ నీకు చెప్పాలి.

ఆ గుండ్రటి ఇనపమెట్లు అలాగే ఉన్నాయి. నల్లరంగు వేశారు, అంతే. డ్యూటీకి ఆలస్యమైనప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కేవాళ్ళం కదా, చప్పుడవకుండా. ఇప్పుడు చెప్పులతోనే ఎక్కాను, దర్జాగా, కాకపోతే సగంలో ఆగి ఆయాసం తీర్చుకున్నాను. పైన హాలు అదే. పైకప్పు అదే ఎత్తు. కిటికీలు మాత్రం నన్ను నిలబెట్టేశాయి. మనం వీధి చూస్తూ కూర్చుంటామని అద్దాలకు సగందాకా తెల్లరంగు పూసి ఉంచేవారు, గుర్తుందా? ఆ అమ్మాయి అదంతా గీకించేసింది. అన్నేళ్ళు ఆ కిటికీ పక్కనే కూర్చున్నదాన్ని, అందులోంచి ఏం కనిపిస్తుందో మొన్నే చూశాను. ఎదురుగా చెప్పుల కొట్టు, పైన ఒక చిన్న బాల్కనీ, అందులో ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఏముంది అందులో అంటావేమో. నాకు మాత్రం చూస్తూ ఉండబుద్ధేసింది. మనకింత మాత్రం వెలుతురు రానిస్తే ఎవడి సొమ్మేం పోయేదే?

బోర్డులన్నీ పాత ఇనుముకు పోగా ఒక్కటి మిగిలింది. మనదే. ఏడూ ఎనిమిదీ ఉన్న ముక్క. గోడకు ఆనించి పెట్టి, మెత్తటి లైటు వేశారు. తీగలన్నీ తెచ్చి ఏ కన్నం కనిపిస్తే దాంట్లో గుచ్చేశారు, ఊరంతా ఒకేసారి ఫోన్లో కూర్చున్నట్టుంది. చూసి పకపకా నవ్వాను. అందంగా ఉండాలని అలా పెట్టామని ఆ అమ్మాయి అంది. అందంగానే ఉంది, నిజమే. చెక్కమీద పిన్నీసుతో నువ్వు గీసిన కోడిపిల్ల కూడా ఉంది, వార్నిషు కింద. వేలితో తడిమాను. ఆ కోడిపిల్ల కోసం సూపర్‌వైజరమ్మ నీకు అర్ధరోజు జీతం కోసింది, నువ్వు మర్నాడే దానికి తోక కూడా పెట్టావు.

ఇక మెనూ కార్డు చూస్తే కడుపుబ్బ నవ్వుతావు. తినే ముందు వచ్చే చిన్న చిన్న వాటికి లోకల్ కాల్ అని పేరు. అసలు భోజనం ట్రంక్ కాల్. నిజంగా ట్రంక్ కాల్ లాగానే ఎంతకీ రాలేదు. చివర్లో తీపి అర్జెంట్ కాల్. రాంగ్ నంబర్ అని ఒక షర్బత్ ఉంది. తాగితే మొదట పులుపు, తర్వాత కారం. అదేమిటని వెయిటరును అడిగితే, ఎవరికో వెళ్ళాల్సింది మీకొచ్చిందనుకోండి అమ్మా అన్నాడు. గట్టివాడే.

అందరికీ కుర్చీల వెనక ఇత్తడి బిళ్ళలు కొట్టించింది, బోర్డు నంబర్లతో. మూడు వచ్చింది, మోకాళ్ళను తిట్టుకుంటూ. పదకొండు మునిమనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు అందరి కళ్ళజోళ్ళూ లాగాడు. మూడు నన్ను చూసి, ఏడూ అని అరిచింది, చేతులు చాపి. ఎన్నాళ్ళయిందే ఆ పిలుపు విని! పేర్లు పెట్టి పిలుచుకుంటే కబుర్లలో పడతామని సూపర్‌వైజరమ్మ మనకు నంబర్లే ఖాయం చేసింది కదా. అందరి నంబర్లూ బాగానే ఉన్నాయి, నాకు మాత్రం ఏడు దాపురించింది. ఏడూ అని పిలిస్తే పిలిచినట్టుందా, ఏడవమన్నట్టుందా అని ఆఫీసంతా నవ్వేది. ఉద్యోగంలో చేరి వారం కూడా కాని నువ్వు లేచి, మా అక్క ఏడ్చే రకం కాదు, ఏడిపించే రకం అన్నావు. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆ రోజునుంచే నువ్వు నాదానివైపోయావు.

నా పక్క కుర్చీకి ఎనిమిది బిళ్ళ ఉంది. కుర్చీ ఖాళీ. సూపు అయింది, చేప అయింది, ఖాళీ. నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా ఫోన్ లేదు, ఉత్తరం లేదు, ఇల్లు మారితే కొత్త అడ్రసు లేదు. ఏం మాటన్నానని? ఏం తప్పు చేశానని? నలుగురిలోనూ అనేశాను, మహారాణిగారు ఎందుకొస్తారు, మనలాంటి వాళ్ళు ఆవిడ కంటికి ఆనుతారా అని. అన్నాను. ఒప్పుకుంటున్నాను. నువ్వక్కడుంటే నీ మొహం మీదే అనేదాన్ని.

అప్పుడు మన లైన్‌మాన్ బాబాయి, చేతికర్ర నేలకేసి కొట్టాడు. ఎనభై దాటినా ఆయనకా గొంతు తగ్గలేదు, స్తంభమెక్కి కిందవాళ్ళతో మాట్లాడే గొంతు. హోటల్ హోటలంతా మావైపు తిరిగింది. నీకసలు బుద్ధుందా ఏడూ, దాని మొగుడు పోయాడని ఫోన్ చేస్తే పీడా విరగడైందన్నావట, ఇక ఏ మనసుతో నీ పక్కన కూర్చుంటుంది అన్నాడు. పిలుపు కార్డు ఇవ్వడానికి బాబాయి మీ ఊరు వచ్చినప్పుడు నువ్వే చెప్పావట. చెప్పి, ఊరందరికీ లైన్లు కలిపింది, నా లైను మాత్రం తెంపేసింది అన్నావట.

ఎనిమిదీ, టెస్టింగ్ పోయాడా?

ఇలా అడగడం ఏమిటో, పోయి ఆరేళ్ళైతే. కానీ నాకు పోయిన ఆదివారమే పోయాడు. చెంచా చేతిలోంచి జారిపోయింది. పదకొండు వాళ్ళ మునిమనవడు దాన్ని తీసుకుని నాకే ఇచ్చాడు. ఎవరేం మాట్లాడుతున్నారో నాకేం తెలియలేదు. మిగతాది తినకుండా లేచి వచ్చేశాను. ఆ అమ్మాయి మెట్ల దాకా వచ్చింది పాపం.

ఇంటికొచ్చి మంచంమీద కూర్చుంటే అన్నీ మీదపడ్డాయి. అతను పక్క ఊరి ఎక్స్‌ఛేంజిలో మెకానిక్కుగా చేరిన కొత్తలో, అంతకుముందు ఎప్పుడూ చెడని లైను రోజూ మధ్యాహ్నం పూట చెడిపోవడం మొదలుపెట్టింది. హలో టెస్టింగ్, ఎనిమిదో నంబరు బోర్డేనా అండీ అనేవాడు. నువ్వు సెలవు పెట్టిన రోజు నేనెత్తితే, నా గొంతు విని, ఇవాళ లైను బాగాలేదండీ, రేపు చేస్తాను అన్నాడు, వెధవ. లైనుకేం రోగం లేదు నాయనా, రోగం నీకే, మందు కావాలంటే పెద్దవాళ్ళను పంపించు అన్నాను. మర్నాడు నువ్వు వచ్చి అతనెలాంటివాడక్కా అని నన్నే అడిగావు. నాకు ఒక్క హలో చాలని నీకు తెలుసు. గొంతు వింటే ఇంట్లో జ్వరముందా, జేబులో డబ్బుందా, మనసులో మాయ ఉందా చెప్పేసేదాన్ని. అబద్ధమాడడం చేతకాని గొంతు, కళ్ళు మూసుకుని చేసుకో అన్నాను. చేసుకున్నావు. పెళ్ళి పందిట్లో నా దగ్గరికి వచ్చి, వంగి దండం పెట్టి, హలో టెస్టింగ్ అన్నాడు. నవ్వలేక చచ్చాం.

అంతటితో మనిద్దరికీ అతని పేరు అదే అయింది. టెస్టింగ్‌కు జలుబు చేసింది, టెస్టింగ్ కూరలు తెమ్మంటే పూలకుండీ తెచ్చాడు, టెస్టింగ్ కూతురికి జడ వేస్తున్నాడు. నీ నోటివెంట అతన్ని ఆయన అనడం నేనొక్కసారి కూడా వినలేదు. నువ్వు ఆయన అనేది ఇంకొకణ్ణి. గుర్తు తెచ్చుకో. మీ మేడమీద అద్దెకు దిగిన డ్రమ్ముల మాస్టారు. పొద్దున లేస్తే ఆయన దరువు, సాయంత్రమైతే ఆయన శిష్యుల దరువు. ఖాళీ చేయమంటే కదలడు. ఆయన ఇవాళ మళ్ళీ గడువడిగాడక్కా, ఆయనగారు పోతే గాని నాకు నిద్ర లేదక్కా అని ఆ ఏడాదంతా నువ్వు నాతో వేరే మాట మాట్లాడావా?

ఆ రోజు నీ ఫోన్ వచ్చింది. ఆయన వెళ్ళిపోయారక్కా అన్నావు.

ఎవరనుకుంటానే నేను? అమ్మయ్య, పీడా విరగడైంది, ఇకనైనా కంటినిండా నిద్రపో అన్నాను. అంతటితో ఊరుకున్నానా? గది శుభ్రంగా కడిగించు, మళ్ళీ ఇంకొకణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకోకు అని కూడా అన్నాను. అవతల నువ్వు ఫోన్ పెట్టేశావు. లైను కట్టయిందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కోసుకోవాలనిపిస్తోంది. భర్త శవం ఇంట్లో పెట్టుకుని, అందరికన్నా ముందు నాకు ఫోన్ చేసుంటావు. అక్కా అన్నావు. నేను గది కడిగించమన్నాను.

నీ గొంతులో ఏడుపు వినపడలేదా, గొంతులు చదివే ఏడో నంబరుకు ఆమాత్రం తెలియలేదా అని నువ్వడుగుతావు. న్యాయమే. ఆ రోజు లైన్లో ఒకటే గరగర. నీ మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన, వెళ్ళిపోయారు, అంతే నాకు చిక్కింది. మిగతాదంతా ఆ గరగరలో కొట్టుకుపోయింది.

తర్వాత నువ్వు చేయలేదు, నేనూ చేయలేదు. నాది పంతం అనుకో. పెద్దదాన్ని, నేనెందుకు తగ్గాలని. ఇలాంటి పంతాలకు నేను పెట్టింది పేరని నీకు తెలుసు.

ఎనిమిదీ, నిన్ను క్షమించమని అడగను. నువ్వు నాకంటే చిన్నదానివి, నీ చేత ఆ మాట అనిపించుకోవడం నాకు సిగ్గు. ఒక్కటే అడుగుతాను. ఒకసారి రా. ఆ పొడుగమ్మాయి మొన్న నా ఇంటికి వచ్చింది, నేను వదిలేసిన భోజనం మళ్ళీ వండి డబ్బాలో పెట్టుకుని. నీ కొత్త అడ్రసు కూడా తనే కాగితం మీద రాసిచ్చింది. మీ ఇద్దరి కుర్చీలూ బోర్డు పక్కనే ఉంచుతానండీ, ఎప్పుడొచ్చినా సరే, ఎవరినీ కూర్చోనివ్వను అంది. వ్యాపారం చేసుకునే పిల్ల అలా కుర్చీ ఖాళీగా ఎన్నాళ్ళు పెట్టుకుంటుంది చెప్పు? మనకు మాత్రం ఎన్నాళ్ళున్నాయి? కొట్టాలనుంటే వచ్చి కొట్టు. తిట్టాలనుంటే ఆ ఎత్తు పైకప్పు కింద నిలబడి తిట్టు, హాలంతా మోగుతుంది. రాకుండా మాత్రం ఉండకు. నాకు తోబుట్టువులు లేరు, పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఈ వయసులో కొత్తగా ఇంకొక ఎనిమిదిని ఎక్కడ వెతుక్కోను?

పిల్లలకు నా ఆశీస్సులు. అమ్మాయికి ఈ అక్క గుర్తుంటే అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పక్క బోర్డు,
ఏడు

తా.క. కవరు అంటించి, మళ్ళీ ఆవిరిమీద పెట్టి విప్పాను. నీకు ఒక అబద్ధం రాశాను, దాంతో పోస్టులో వేయడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజు లైన్లో గరగర లేదు. లైను నిక్షేపంలా ఉంది. గరగర నా చెవుల్లో. నాకు వినపడదు ఎనిమిదీ. అప్పటికే సగం పోయింది. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవిలో ఎవరో నీళ్ళకింద మాట్లాడుతున్నట్టుంటుంది. అన్నేళ్ళు హెడ్‌సెట్ తగిలించుకున్నారు కదా, దాని వల్ల కూడా కావచ్చు అన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటి కింద కొట్టు టైలరమ్మకు కూడా చెప్పలేదు, పిలిస్తే పలకని పొగరుబోతుననే అనుకుంటుంది. అనుకోనీ అనుకున్నాను. ఊరి గుసగుసలన్నీ విన్న ఏడో నంబరు చెవిటిదైందంటే నవ్వరూ? జాలిపడితే అది ఇంకా అన్యాయం.

సూపర్‌వైజరమ్మ మొదటి రోజు మనకేం నేర్పింది? మళ్ళీ చెప్పండి అనే మాట ఆపరేటరు నోట రాకూడదు, అడిగితే ఎక్స్‌ఛేంజి పరువు పోతుంది, అందినదాన్ని బట్టి పోల్చుకుని లైను కలిపెయ్యి. ముప్ఫై ఏళ్ళు అలాగే చేశాను, తప్పలేదు. చెవులు పోయాక కూడా అదే చేశాను. నీ ఫోన్లో రెండు మాటలు అందాయి. డ్రమ్ముల మాస్టారుకు కలిపేశాను. నువ్వు ఏడుస్తున్నావన్నది నాకు తెలియలేదు. నాకు తెలియలేదే తల్లీ.

ఆ తర్వాత నీకు ఫోన్ చేయకపోవడం పంతం కాదు, భయం. చేస్తే నువ్వేమంటావో వినపడదు. మూడు నన్ను పిలిచిందని రాశాను, దాని నోరు తెరుచుకోవడం చూశాను, అంతే. వెయిటరు జోకు, ఆ పొడుగమ్మాయి మాటలు సగానికి సగం నేను పెదవులు చూసి అల్లినవి. వాళ్ళు నిజంగా ఏమన్నారో దేవుడికే తెలియాలి. బాబాయి మాట ఒక్కటే పూర్తిగా అందింది, ఆ గొంతు పుణ్యమా అని.

డాక్టరు ఇచ్చిన మెషీను ఇన్నాళ్ళూ సొరుగులో పెట్టుకున్నాను. ఇవాళ తీసి పెట్టుకున్నాను. ఫోన్లో అది పనికిరావడం లేదు, ఎదురుగా కూర్చుంటే మాత్రం మాట అందుతోంది. కాబట్టి ఈ ఉత్తరం చూసి ఫోన్ చేయకు. మనిషివే రా. టెస్టింగ్‌కు ఏమైంది, ఏ పూట, నీ పక్కన ఎవరున్నారు, చివరికి నీతో ఏమైనా అన్నాడా, అన్నీ చెప్పు. నా లెక్కన నువ్వు నాకింకా ఫోన్ చేయలేదు. అతను పోయిన సంగతి నువ్వు నాకింకా చెప్పలేదు. వచ్చి చెప్పు.